బూటుకి కుట్టు కనిపిస్తోంది, సూది బెజ్జం కనిపించట్లేదు. అమ్మకి ఏం చెప్పాలి?

తెనాలి_జాకెట్లు:

అందరికీ నమస్తే. కాస్త వింత ప్రశ్న, ఓపికున్నవాళ్ళే చదవండి.

మా అమ్మ తెనాలిలో 31 ఏళ్ళు జాకెట్లు కుట్టింది. ఇప్పుడు విజిటర్ వీసా మీద టొరంటోలో నా దగ్గరుంది. పోయిన శనివారం నయాగరా వెళ్దామనుకుంటే ఒకటే వాన. ఎక్కడో అక్కడికి తీసుకెళ్ళాలి కదా అని బాటా షూ మ్యూజియంకి తీసుకెళ్ళాను. "చెప్పులు చూడ్డానికి టిక్కెట్టేమిట్రా" అని గొణుగుతూనే వచ్చింది. లోపలికెళ్ళాక ఇన్యుయిట్ వాళ్ళ (ఉత్తర ధ్రువం వైపు మంచు సీమల్లో ఉండేవాళ్ళు) బూట్ల దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగిందే. నేను మిగతా అంతస్తులు తిరిగొచ్చినా అక్కడే ఉంది, గాజుకి ముక్కు ఆనించి.

మోకాలి కిందదాకా వచ్చే బూట్లు, సీల్ అనే చలి సముద్రాల జంతువు తోలుతో చేసినవి. అమ్మ ప్రశ్న ఇది: "పాదం చుట్టూ కుట్టు తిరిగింది, బాగానే ఉంది. పైకి దారం లేదు, బెజ్జం లేదు. లోపలనుంచి కుట్టి తిరగేశారే అనుకో. అయినా సూది ఇటునుంచి అటు దూరాలి కదరా? దూరితే నీళ్ళు రావూ? నీళ్ళొస్తే ఆ చలిలో కాలు ఉంటుందా?"

ఇంకోటి. బొటనవేలి దగ్గర అడుగుతోలు పైకి మడిచి సన్న సన్న కుచ్చిళ్ళు పెట్టారు. ఒకదానికీ ఇంకోదానికీ నూలుపోగంత తేడా లేదు. మెషీన్ లేకుండా తోలుకి అలా కుచ్చిళ్ళు పెట్టడం తన వల్ల కాదంది. మా అమ్మ నోట "నా వల్ల కాదు" అన్న మాట నేను ముందెప్పుడూ వినలేదు.

పక్కనున్న చీటీలో సీల్ తోలు, నరంతో కుట్టారు అని మాత్రమే ఉంది. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా ఇదే గోల. తెలిసినవాళ్ళుంటే చెప్పండి. అన్నట్టు మా చిన్నప్పటి సాంఘిక శాస్త్రంలో వీళ్ళని "ఎస్కిమోలు" అని చదివాం. ఇప్పుడా మాట అనకూడదంటున్నారు, నిజమేనా?

సముద్రం_పక్కన:

గమ్ అయ్యుంటుంది సార్. చేప ఎముకలు ఉడికించి బంక తీస్తారు కదా. కుట్టు మీద అది పూసేసి ఉంటారు. సింపుల్.

మంచులో_మానుకోట:

గమ్ లేదు, గిమ్ లేదు. ముందుగాల తెనాలి అమ్మగారికి దండం. గాజు అవతలకెంచి చూసి అసలు కిటుకు కాడనే వేలు పెట్టింది.

నేను ఇకాలుయిట్‌ల ఆరేండ్లు లెక్కలు రాసే ఉద్యోగం చేసిన. నునావుత్ రాజధాని అది. 1999 ఏప్రిల్ 1న కెనడాల కొత్తగ ఏర్పడ్డ ప్రాంతం. డిసెంబర్‌ల అక్కడ మధ్యాహ్నం రెండు కాకముందే పొద్దుగూకుతది. ఏం తోచక ఊర్లె ఆడోళ్ళ కుట్టు క్లాసుకు పోయిన. రెండు చలికాలాలు కుస్తీ పడితే తేలింది ఒక జత చేతితొడుగులు. అండ్ల కూడ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అందుకని నాది పనిమంతురాలి మాట కాదు, వేళ్ళు పొడుచుకున్నదాని మాట అనుకోండి.

కుట్టు సంగతి. రెండు తోలు ముక్కలు పెట్టుకుంటే ఒకదాని అంచు రెండోదాని కంటె కొంచెం బయటికి ఉంటది. సూది ఒక ముక్కల పూర్తిగ దూరుతది. రెండో ముక్కల మాత్రం సగం లోతుకే పోయి, తోలు మందం లోపట్నే పక్కకు నడిచి, పోయిన దిక్కుకే మళ్ళ బయటికొస్తది. ఆ వరుస అయినంక బయటికున్న అంచును మడిచి, తిరగేసి, రెండో దిక్కుకెంచి ఇంకో వరుస. అప్పుడు కూడ సగం లోతే. రెండు వరుసలు పడ్డంక లోపలికెంచి బయటికి సూటిగ తెరుచుకున్న బెజ్జం ఒక్కటి ఉండది. అమ్మగారికి ఒక్క మాటల చెప్పాల్నంటే, చీరకు ఫాల్ కుట్టేటప్పుడు పైకి కనవడకుండ ఒక్క పోగు పట్టుకొని పోతరు చూడు, గదే ఉపాయం. బట్ట మీద కాదు, తోలు మీద. ఆ తోలు మందమెంతనో తెలుసా? రెండు మూడు పోస్టుకార్డులు ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతనో అంత. అండ్ల సగం.

దారం నూలు కాదు. కారిబూ అని రెయిన్‌డీర్ జాతి జంతువు ఉంటది. దాని వీపు పొడుగునా వెన్ను పక్కపొంటి ఉండే నరం తీసి, గీకి, ఎండబెడతరు. చూస్తే ఎండిన పసుపుపచ్చ పట్టీ తీరుగ ఉంటది. దాన్ని గోరుతోని పోగులు పోగులుగ చీలుస్తరు. పేరు ఇవాలు. దీని గొప్పతనమంత నీళ్ళల్ల ఉన్నది. తడిస్తే ఉబ్బుతది. ఉబ్బి, తను దూరిన బెజ్జాన్ని తనే మూసుకుంటది. నూలు దారం కూడ తడిస్తే ఉబ్బుతది గని నీళ్ళను గుంజుతది, తర్వాత మురుగుతది. ఇప్పుడు చానమంది మైనం పట్టిన నైలాన్ దారం, ఆఖరికి పండ్లు తోముకునే ఫ్లాస్ కూడ వాడుతరు. గట్టిగనే ఉంటది, కని ఉబ్బది.

నా మొదటి వరుస అయినంక మాకు నేర్పే పెద్దావిడ ఆ ముక్కను సంచి లెక్క పట్టుకొని నోటితోని గాలి ఊదింది. ఊది చెంపకాడ పెట్టుకున్నది. ఏం మాట్లాడలే. నా చెయ్యి గుంజుకొని నా చెంపకాడ పెట్టింది. సన్నగ చల్లగాలి తగిలింది, మూడు జాగల. నేను నవ్విన. ఆమె నవ్వలే. "మా ఆయన దీన్ని తొడుక్కొని మంచు మీదికి పోతే మూడు వేళ్ళు" అన్నది. మొత్తం విప్పి మళ్ళ కుట్టిన.

అంగుస్తాన్ కూడ తోలుదే. సీల్ తోలు ముక్క ఒకటి చూపుడువేలుకు తొడుక్కుంటరు. సూదులు పాతకాలంల ఎముకవి, దంతంవి. అవి పెట్టుకునే గొట్టం మెడల్నో నడుముకో వేలాడేది. చెట్లు మొలవని నేల మీద ఒక్క సూది చెయ్యాల్నంటే ఎముకను రాతి మీద గంటలకు గంటలు అరగదియ్యాలె. సూది పోతే ఏడ్పొచ్చేదట.

కుచ్చిళ్ళ ముచ్చట. అమ్మగారూ, మీ వల్ల కాకపోవుడు తప్పు కాదు. అవి పండ్లతోని పెట్టినయి. అడుగుకు గడ్డం సీల్ తోలు వాడుతరు, మందంగ మొండిగ ఉంటది. దాన్ని నమిలి మెత్తగ చేసి, ముందు పండ్లతోని ఒక్కొక్క మడత కొరుకుకుంట పోతరు. పాత తరం ముసలమ్మల పండ్లు చిగుళ్ళ దాక అరిగిపోయి ఉండేటియి, దీనికే. బూటు ఒక్కసారి కుట్టి ఊకుంటే అయిపోదు. తడిసి ఎండితే చెక్క లెక్క అయితది, పొద్దున్నే మళ్ళ నమిలి మెత్తగ చెయ్యాలె.

ఇగ పేరు. కెనడాల "ఎస్కిమో" అంటే మొఖం మాడుతది, అనకుండ్రి. ఇన్యుయిట్ అంటే "మనుషులు". ఒక్కరైతే ఇనుక్, ఇద్దరైతే ఇనూక్, ఇద్దరు దాటితేనే ఇన్యుయిట్. రామః, రామౌ, రామాః లెక్క ద్వివచనం ఉన్న భాష. బూటు కూడ గంతే. ఒకటి కమిక్, జత కమీక్, ఎక్కువుంటే కమీట్. మీ అమ్మగారు చూసింది కమీక్ అన్నట్టు.

రంపె_ఆరె:

మానుకోట అక్కా, భలే చెప్పినావు. మాది కడప పక్క పల్లె. మా నాయన చెప్పులు కుట్టేవాడు. మాకు ముందు ఆరెతో బెజ్జం పొడవాల, తర్వాత దారం దూర్చాల. సగం లోతులో ఆపేది మేమెప్పుడూ ఎరగం. మా చెప్పులకి నీళ్ళు రాకూడదన్న బాధ యాడిది, నీళ్ళొస్తే సంతోషపడతాం.

నాకు రెండు అనుమానాలు. మా దగ్గర తోలుని లందలో తంగేడు చెక్క, కరక్కాయ వేసి నానబెట్టేది. చెట్లే లేని సీమలో తోలు ఎట్ల పదును చేస్తారు? కుళ్ళిపోదా?

రెండోది, వాళ్ళ ఆడోళ్ళ కత్తి బొమ్మ చూసినాను, అర్ధచంద్రం మాదిరి ఉంది. అచ్చం మా నాయన రంపె. నిజంగా తోలు కోసేదానికేనా?

మంచులో_మానుకోట:

తోలుకే, ఇంకా అన్నిటికీ. పేరు ఉలు. తోలు గీకుడు, కోసుడు, చేప కోసుడు, మాంసం కోసుడు, అన్ని దానితోనే. పిడి బ్లేడు నడిమిట్ల పైన ఉంటది గద, చేతి బలమంత సూటిగ కిందికే దిగుతది. మన కత్తి మొననో చివరనో నొక్కినట్టు కాదు. పాతకాలంల నల్ల పలకరాయి బ్లేడు, కొన్ని జాగల రాగి. గ్రీన్‌లాండ్ వాయవ్యాన కేప్ యార్క్ కాడ ఆకాశంలకెంచి పడ్డ ఉల్క ఇనుమును కూడ సుత్తెతోని కొట్టి బ్లేడ్లు చేసుకున్నరు. కొలిమి లేదు, ఉత్త రాతి దెబ్బలే.

బొచ్చు తోలు కోసేటప్పుడు ఉలుకు సాటి లేదు. తిరగేసి, తోలు దిక్కు మాత్రమే గీత గీసినట్టు కోస్తరు, బొచ్చు తెగది. కత్తెర పెడితే బొచ్చు కూడ తెగి అంచు బోడిగ అయితది, ఆ గీత పొంటి చలి దూరుతది. కొలతకు టేపు లేదు. కంటితోని, జానతోని.

మీ అనుమానం సరైందే. లంద లేదు, చెక్క లేదు. కొవ్వంత గీకి, చట్రానికి గుంజి కట్టి ఎండబెట్టుడు, మళ్ళ మళ్ళ గీకి, నలిపి మెత్తగ చేసుడు. కొన్ని ప్రాంతాలల్ల కొవ్వు పోవుటానికి మూత్రంల నానబెట్టేటోళ్ళు. చలికి కుళ్ళుడు తక్కువ. కని వాసన ఉంటది. నా చేతితొడుగులు మా ఇంట్ల బాల్కనీ దాటి లోపలికి రానియ్యలే మా ఆయన. టొరంటో వేడి ఇండ్లల్ల అయితే అవి పాడైతయి కూడ.

కోపెన్‌హేగన్_కబుర్లు:

ఇంత మంచి థ్రెడ్‌లో వేట సామాను గురించి ఒక్క ముక్క లేదేంటండీ! ఇక్కడి నేషనల్ మ్యూజియంలో గ్రీన్‌లాండ్ ఇన్యుయిట్ గదులు నాలుగుసార్లు చూశాను. నేను మెకానికల్ వాణ్ణి, నాకు బూట్ల కంటే బల్లెమే నచ్చింది.

దాని మొన కర్రకి బిగించి ఉండదు. సీల్ ఒంట్లో దిగగానే కర్ర ఊడి వచ్చేస్తుంది, మొన లోపల ఉండిపోతుంది. తాడు కట్టింది మొన నడుముకి. సీల్ లాగగానే మొన చర్మం కింద అడ్డం తిరుగుతుంది. తెనాలి అమ్మగారి భాషలో చెప్పాలంటే గుండీ కాజాలోంచి నిలువుగా దూరి అవతల అడ్డం తిరిగినట్టు. ఎంత లాగితే అంత బిగుస్తుంది. సుమారు వెయ్యేళ్ళ కిందట అలాస్కా వైపునుంచి తూర్పుకి వచ్చిన వీళ్ళ పూర్వీకులు, థూలే సంస్కృతి అంటారు, ఇలాంటి మొనలతోనే తిమింగలాల్ని వేటాడారు.

తాడు రెండో కొసకి అవతాక్ అని గాలి తిత్తి. మొత్తం సీల్ తోలుని సంచిలా ఒలిచి గాలి ఊది కడతారు. సీల్ మునగబోతే తిత్తి పైకి లాగుతుంది, సీల్ అలిసిపోతుంది. చచ్చినా మునగదు. కయాక్‌లో (ఒక్కరు కూర్చునే సన్నటి పడవ) కూర్చుని బల్లెం విసరడానికి ఒక చెక్క ఉంటుంది, దాన్ని పట్టుకుంటే మోచేతికి ఇంకో మోచెయ్యి కలిసినట్టు, విసురు పెరుగుతుంది. కయాక్ కూడా ఎవరి ఒంటి కొలతకి వాళ్ళదే. కొట్టుకొచ్చిన కర్రలతో చట్రం, పైన సీల్ తోలు.

మంచు కళ్ళద్దాలు కూడా చూడండి. ఎముకకో కర్రకో సన్నటి గీత కోసి, లోపల మసి పూస్తారు. మంచు మీద ఎండ పడి కళ్ళు పోకుండా. అద్దం లేని కూలింగ్ గ్లాస్.

మంచులో_మానుకోట:

అన్నా, అవతాక్‌ను ఎవరు కుట్టిన్రో చెప్పకపోతివి. కయాక్ మీది తోలును ఎవరు కుట్టిన్రో కూడ చెప్పకపోతివి. చట్రం మొగోళ్ళు చేస్తరు, తోలు కప్పి కుట్టేది ఆడోళ్ళు. పైన చెప్పిన సగం లోతు కుట్టే. గ్రీన్‌లాండ్‌ల తుయిలిక్ అని తోలు అంగీ ఉంటది. కయాక్ నోటి కాడ, మొఖం చుట్టు, మణికట్ల కాడ బిగించుకుంటే మనిషి బోర్లా పడి నీళ్ళ కింద తిరిగి లేచినా లోపలికి చుక్క పోదు. ఒక్క కాడ సూది అవతలికి దూరిందనుకో, నీ బల్లెం మెకానిజం ఏం చేస్తది?

చలికాలం వేట చూడు. సీల్ మంచుగడ్డ కింద ఉంటది, ఊపిరికి బెజ్జాలు తెరిచి పెట్టుకుంటది. వాటి పేరు అగ్లు. కుక్క వాసన పట్టి చూపెడతది. మనిషి ఆ బెజ్జం మీద ఈకనో సన్న ఎముక పుల్లనో నిలబెట్టి, కాళ్ళ కింద బొచ్చుతోలు ముక్క ఏసుకొని, వంగి, కదలకుండ గంటలు గంటలు నిలబడతడు. ఈక కదిలితే దెబ్బ. సున్నా కింద 30 డిగ్రీలల్ల కదలకుండ నిలబడుడు బట్ట పని, బల్లెం పని కాదు.

ఆ బట్ట కారిబూది, రెండు పొరలు. లోపలి అంగీ అతిగి, బొచ్చు ఒంటి దిక్కు. పై అంగీ కులిత్తాక్, బొచ్చు బయటి దిక్కు. కారిబూ వెంట్రుక లోపల గాలి గదులుంటయి, అందుకే తేలిక, వెచ్చన. వదులుగ కుడతరు, చెమట పట్టొద్దు. చెమట పడితే అదే గడ్డ కడతది. తోలు ఏ నెలదైతే ఆ నెలది పనికిరాది. ఎండాకాలం మొదట్ల ఒక ఈగ పురుగులు తోలుకు బెజ్జాలు పెడతయి. చలికాలం బొచ్చు మరీ మందం, పరుపులకే మంచిగుంటది. ఆగస్టు, సెప్టెంబర్ తోలు బట్టలకు. ఆ రెండు నెలల వేట తప్పితే ఆ ఏడు ఇంటిల్లిపాదికి బట్టల్లేవు. చాన జాగల సముద్రపు మంచుగడ్డ మీదికి పోకముందే కారిబూ కుట్టుపని ముగించాలని నియమం ఉండేది. నేల జంతువును, నీళ్ళ జంతువును కలపొద్దని.

నాకు అన్నిట్ల నచ్చింది ఒక కట్టె. అవును, ఉత్త కట్టె. లోపలికి వచ్చే ముందు బట్టల మీది మంచును దానితోని కొట్టి దులుపుతరు. దులపకుంటే ఇంట్ల వేడికి కరిగి తోలు తడుస్తది, తెల్లారి గడ్డ. మ్యూజియంల ఇది మూలకు పెడతరు, ఎవ్వరు చూడరు.

1903 నుంచి 1905 దాక నార్వే యాత్రికుడు అముండ్‌సెన్ ఇప్పటి నునావుత్‌ల ఉన్న గ్జోవా హేవెన్ కాడ నెట్సిలిక్ అనే ఇన్యుయిట్ వాళ్ళ దగ్గర ఇయ్యే బట్టలు చూసి నేర్చుకున్నడు. 1911ల దక్షిణ ధ్రువానికి పోయింది బొచ్చు బట్టల్లనే. పేరు ఆయనకొచ్చింది.

పచ్చని_ప్రాణి:

అందరూ భలే మెచ్చుకుంటున్నారు గానీ, పాపం ఆ సీల్స్‌ని చంపడం తప్పు కాదా? తెల్లటి సీల్ పిల్లల వీడియోలు చూస్తే నిద్ర పట్టదు నాకు.

మంచులో_మానుకోట:

మీ బాధ నాకు అర్థమైతది. కని ఆ తెల్ల పిల్లల వేట వేరే చోట, వ్యాపారానికి జరిగింది. ఇన్యుయిట్ వాళ్ళు తినేది, కుట్టేది ఎక్కువ ఈడొచ్చిన సీల్‌నే, ఒంటి మీద ఉంగరాల మచ్చలుండే జాతి. 1983ల యూరప్ పిల్ల తోళ్ళను నిషేధించింది. దెబ్బకు అన్ని తోళ్ళ ధర పడిపోయింది, వీళ్ళది కూడ. 2009ల అన్ని సీల్ సామాన్లను నిషేధించినప్పుడు ఇన్యుయిట్‌కు మినహాయింపు రాసిన్రు, పోయిన గిరాకీ మాత్రం మళ్ళ రాలే. నునావుత్‌ల పాల డబ్బా, టమాట ధర చూస్తే మీకు వేరే తీరు నిద్ర పట్టది. మాంసం తిన్నంక తోలు పారెయ్యాల్నా? ఇంతకన్న ఎక్కువ వాదించ, థ్రెడ్ కుట్టు గురించి.

తెనాలి_జాకెట్లు:

అందరికీ చాలా థాంక్స్. మొత్తం అమ్మకి చదివి వినిపించాను. ఫాల్ కుట్టు మాట వినగానే "ఆఁ!" అని లేచి, నా పాత లెదర్ బ్యాగు తెచ్చి కోసింది (నన్నడగలేదు). రెండు గంటలు కూర్చుంది. సూది విరిగింది, ఇంకోటి తీసింది. నాలుగంగుళాలు కుట్టి, కుళాయి కింద పట్టింది. కారింది. "ఆవిడకి చెప్పు, నాకు అయిదు చోట్ల" అంది.

అమ్మకి ఇంకా కొన్ని ప్రశ్నలున్నాయి. వీపు మీద బిడ్డని మోసే కోటు ఒకటి ఫొటోలో చూసింది. ఆ టోపీలోంచి బిడ్డ కిందకి జారిపోదా? రెండోది, ఇక్కడ సీల్ తోలు పర్సు ఒకటి కొని డాలస్‌లో ఉన్న చెల్లికి తీసుకెళ్దామంటోంది. మూడోది ఆ ఉలు గురించి. అమ్మది ఎడమచేతి వాటం. అన్నేళ్ళూ కుడిచేతి కత్తెరతోనే లాక్కొచ్చింది, బొటనవేలి మొదట్లో కాయ కట్టి ఉంటుంది. ఎడమచేతి ఉలు విడిగా దొరుకుతుందా అని అడగమంది.

మంచులో_మానుకోట:

అయిదే? నాకంటె నయం అమ్మగారు! నావి మూడంటే ముక్క చిన్నది మరి.

ఆ కోటు పేరు అమౌతి. బిడ్డ కూసునేది టోపీల కాదు, వీపు మీది సంచిల. బయటికెంచి నడుముకు పట్టీ కడతరు, అది బిడ్డ కింద పీట లెక్క ఆపుతది. భుజాలు కావాలనే మస్తు వెడల్పుగ కుడతరు. బిడ్డ ఏడిస్తే బయటికి తియ్యకుండనే లోపల్నే ముందుకు తిప్పుకొని పాలిస్తది తల్లి. ఆ భుజం కోత చూస్తే అమ్మగారు ఇంకో బ్యాగు కోస్తరు, దాచుకోండి.

పర్సు డాలస్‌కు వద్దు. అమెరికాల 1972 చట్టం ప్రకారం సీల్ తోలు సామాను లోపలికి రానియ్యరు, బార్డర్ కాడ గుంజుకుంటరు. టొరంటోల్నే వాడుకోండి.

ఎడమచేతి ఉలు అని విడిగ ఉండదు. పిడి నడిమిట్ల, బ్లేడు రెండు దిక్కుల ఒక్క తీరు. కొందరు పదును ఒక పక్కనే పెడతరు, అది ఎవరి చేతిని బట్టి వాళ్ళు నూరుకుంటరు. ఏ చేతికిస్తే ఆ చేతిది.

తెనాలి_జాకెట్లు:

చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఎడమచెయ్యి ఇలా గుప్పిట పట్టి, టేబుల్ మీద అటూ ఇటూ ఊపి చూసుకుంది. పిడి ఎంత లావుంటుందో అడగమంది.